ఆరున్నరకు వచ్చే చప్పుడు

మా ఇంట్లో కంప్యూటర్‌ని ఎవరూ ఆన్ చెయ్యరు. సాయంత్రం ఆరున్నరకు అదే ఆన్ అవుతుంది.

మా అన్న అలా పెట్టుకున్నాడు. ఆఫీసు నుంచి వచ్చి, షూ విప్పి, అది లేచేదాకా ఎదురుచూడటం అతనికి చిరాకు. పాత పార్టులతో కట్టిన మెషీన్, లేవడానికి దాని టైం అది తీసుకునేది. మదర్‌బోర్డు లోపలి సెట్టింగుల్లో అలారం లాంటిది ఒకటి ఉంటుందని ఎక్కడో చూసి, రోజూ ఆరున్నర అని పెట్టేశాడు. ఆ టైంకి లోపలి ఫ్యాను ముందు గర్రుమని మూలిగేది. తర్వాత ఒకటే గొంతుతో గీ అంటూ ఉండిపోయేది. మాది రెండు గదుల ఇల్లు, అమీర్‌పేటలో హాస్టళ్ల మధ్య సందులో. ముందు గదిలో చప్పుడైతే వంటింట్లో వినపడుతుంది. అమ్మ అది విని చాయ్ పెట్టేది. చాయ్ పొంగేసరికి అన్న మెట్లెక్కుతుండేవాడు.

అన్న పోయి ఏడాది కావస్తోంది. ఆఫీసు నుంచి వస్తుంటే వానలో బండి జారింది. ఆ రోజు కూడా ఆరున్నరకు చప్పుడు వచ్చింది, అమ్మ చాయ్ పెట్టింది. ఫోన్ తర్వాత వచ్చింది. పంజాగుట్టలో హాస్పిటల్‌కి తీసుకెళ్లామని ఎవరో చెప్పారు. మేం వెళ్లేసరికే అయిపోయింది. ఇంటికి తిరిగొచ్చేసరికి గిన్నెలో చాయ్ మీద మీగడ కట్టి ఉంది. ముందు గదిలో కంప్యూటర్ తెర పాస్‌వర్డ్ అడుగుతూ వెలుగుతోంది.

మర్నాడు సాయంత్రం ఇంటి నిండా చుట్టాలు. చాపల మీద కూర్చుని ఎవరి మాటలు వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆరున్నరకు అది గర్రుమంది. మా పెద్దమ్మ గుండె పట్టుకుంది. ఎవరో వాడే వచ్చిండు అన్నారు. ఇంకెవరో లేచి వైరు పీకబోయారు. అప్పుడు నేను అరిచాను. అది అలారం, దయ్యం కాదు, చెయ్యి వేస్తే ఊరుకోను అని ఏదేదో అన్నాను. అందరూ నా వైపు చూశారు. నేను ఫోన్ చూసుకున్నాను. ఆ గొడవలో అమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మైల ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని పెద్దమ్మ వెనకాల నుంచి చెప్తూనే ఉంది, అమ్మ చాయ్ పెట్టేసింది. ఆ చాయ్ ఎవరూ తాగలేదు.

అప్పటి నుంచి రోజూ అంతే. ఆరున్నరకు చప్పుడు, వంటింట్లో చాయ్. రాత్రి పడుకునే ముందు అమ్మ వచ్చి ముందున్న బటన్ నొక్కి దాన్ని ఆపుతుంది. గోడ మీద స్విచ్ మాత్రం ముట్టదు. అది ఆపితే అలారం పని చెయ్యదని అన్న బతికున్నప్పుడే తిట్టి తిట్టి నేర్పాడు. పాస్‌వర్డ్ మాకెవరికీ తెలియదు. లోపల ఏముందో చూడాలని కూడా మాకు అనిపించలేదు. మా పెద్దనాన్న కొడుకు పాస్‌వర్డ్ తీసే మనిషి తెలుసన్నాడు. అక్కర్లేదని చెప్పాను. మాకు కావలసింది ఆ లేవడమే.

మాకు అన్నానుగానీ, నాన్నకు కాదు. నాన్న బేగంపేటలో ఒక హోటల్లో స్టోర్స్ చూస్తాడు. పొద్దున డ్యూటీ, ఐదు దాటాక ఇంటికొస్తాడు. వచ్చి మంచం మీద కూర్చుంటాడు. ఫ్యాను మూలగడం మొదలుకాగానే చెప్పులేసుకుని కిందికి దిగిపోతాడు. ఎక్కడికని అమ్మ అడగదు. ఒకసారి నాతో మాత్రం అన్నాడు, "యాడాది అయినంక గా కంప్యూటర్ ఎవరికన్న ఇచ్చేద్దాం బిడ్డా. ఇంట్ల ఉంటె మీ అమ్మ తేరుకోదు." నేను ఫోన్లో ఏదో చూస్తున్నాను.

నాకు కోపం ఎక్కువని ఇంట్లో, క్లాసులో, ఆటో స్టాండులో అందరికీ తెలుసు. ఛార్జర్ వైరు ముడి పడితే వైరుతో కూడా కొట్లాడే రకం. అన్న పోయాక కూడా అరుస్తూనే ఉన్నాను. కానీ లోపల ఏమీ కదలదు. గొంతు దాని పని అది చేసుకుపోతుంది, నేను పక్కన నిలబడి వింటుంటాను.

మెషీన్ పాడవడం ఎండాకాలం మొదట్లో మొదలైంది. ఒక రోజు ఆరున్నరకు లేచింది, కాసేపటికి టక్కుమని ఆగిపోయింది. తనే మళ్లీ లేవబోయి, మూలిగి, మళ్లీ ఆగింది. అమ్మ తడి చేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గదేంది, మధ్యల ఆగింది?"

కరెంటు సరిగ్గా లేదని చెప్పాను. అమ్మ పైన తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను వైపు చూసింది.

మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత ఒక రోజు అసలు లేవలేదు. నేను దాని పక్కన గట్టిగా ఒకటి చరిచాను. అప్పుడు లేచింది. కొడితే పనిచేసిందని నాకేమీ సంతోషం కలగలేదు. చెయ్యి మంట పుట్టింది, అంతే.

ఆ సమస్యను ఫోన్లో వెతికాను. అందరూ చెప్పే మొదటి మాట, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దమని. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరే. మా ఇంట్లో లేదు, కింద కిరాణా షాపుకి వెళ్లి అడిగాను. పిల్లలు ఏ క్లాసు అని షాపాయన అడిగాడు. ర్యామ్ ముక్కలు తీసి, బంగారం రంగు పళ్లు మెరిసేదాకా రుద్ది, మళ్లీ పెట్టాను. ఏం మారలేదు. ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టి చూశాను. తేడా లేదంటే తప్పు గోడది కాదు. తెరకున్న కరెంటు వైరు, దీని వైరు ఒకటే రకం కాబట్టి అటుదిటు మార్చి చూశాను. వైరుదీ కాదు. ఆటల కోసం అన్న కొనుక్కున్న గ్రాఫిక్స్ కార్డు పీకేసి చూశాను. అప్పుడు ఇంకొంచెం ఎక్కువసేపు నడిచి ఆగింది. అంటే బరువు తగ్గిస్తే కొంచెం మోస్తోంది. పైన చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా కాలింది.

అన్నింటికీ కరెంటు పంచే డబ్బా ఉంటుంది లోపల, పవర్ సప్లై. అనుమానమంతా దాని మీదికే వచ్చింది.

దాన్ని విడిగా పరీక్ష చేసే పద్ధతి ఒక వీడియోలో చూశాను. బోర్డుకు పెట్టిన వెడల్పాటి కనెక్టర్ పీకి, అందులో ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ ఒక తీగతో కలపాలి. సప్లై బాగుంటే దాని ఫ్యాను తిరుగుతుంది. పేపర్ క్లిప్ తీసుకోమన్నాడు వీడియోలో. మా ఇంట్లో అలాంటివి ఉండవు. అమ్మ గాజులకు మాత్రం ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి. అడిగితే ఒకటి తీసి ఇచ్చింది. ఇచ్చి, లోపలికి వెళ్లి బాత్రూం చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు పెట్టింది.

"ఏస్కో. షాక్ కొడ్తది."

చెప్పులేసుకుని, పిన్నీసు విప్పి వంచి, రెండు రంధ్రాల్లో గుచ్చి, స్విచ్ వేశాను. సప్లై ఫ్యాను ఒకసారి గింజుకుంది. సగం చుట్టు తిరిగింది. ఆగిపోయింది. అమ్మ నా భుజం మీద నుంచి చూస్తోంది. వీడియోలో వాడి ఫ్యాను హాయిగా తిరుగుతోంది. నేను ఫోన్ బోర్లా పెట్టాను.

కొత్త సప్లై కొంటే అయిపోతుంది అనుకోవచ్చు. కానీ సప్లై ఒక్కటే పోయిందో, అది పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయిందో ఇంట్లో తేలదు. షాపుకి తీసుకెళ్లాలి. షాపంటేనే నాకు భయం. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. అన్న పెట్టిన ఆరున్నర గుర్తుండేది దాని వల్లే. దాన్ని పీకితే బోర్డు అన్నీ మర్చిపోతుంది.

అమ్మకు ఇది చెప్పాను. పోయినా పర్వాలేదు, ఎలా పెట్టాలో చూసుకున్నాను, మళ్లీ నేను ఆరున్నరే పెడతాను అని కూడా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండా అంది, "నువ్వు పెడ్తె అది నువ్వు పెట్టినట్టయితది."

మర్నాడు పొద్దున క్లాసు మానేసి, బోర్డు, సప్లై అన్నీ ఉండే ఆ ఇనప పెట్టె, కంప్యూటర్ కేసు, ఎత్తుకున్నాను. కేసు మీద ఉన్న సామాన్లు అమ్మే తీసి స్టూలు మీద పెట్టింది. అన్న ఫోటో, చిన్న ఇత్తడి దీపం, ఊదుబత్తి గుచ్చే గిన్నె. గోడకు మేకు కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. అందుకని ఫోటో మొదటి నుంచీ కంప్యూటర్ మీదే ఉంది.

"ఆరున్నరకల్ల తెస్తవ్ గద?" అంది అమ్మ, మెట్ల దాకా వచ్చి.

మైత్రీవనంలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్నాను. చేస్తున్నానంటే, వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఆ బిల్డింగ్ వెనక సందులో రిపేర్ షాపులున్నాయి. రోజూ చూసే షాపే అని ఒకదాంట్లోకి వెళ్లాను. కౌంటర్ వెనక నా వయసు వాడే. ఏమైతున్నదక్కా అని అడిగాడు. ముందు రోజు సాయంత్రం వీడియో తీసి పెట్టుకున్నాను, మెషీన్ లేవడం, మూలగడం, ఆగడం. చూడమని ఫోన్ అతని ముందు పెట్టాను. అతను ఫోన్ వైపు చూడనే లేదు. పక్క డోర్ తీశాడు. బొటనవేలి గోరు నేరుగా సెల్ దగ్గరికి పోయింది.

నేను మణికట్టు పట్టుకున్నాను. "సెల్ ముట్టొద్దు."

"ముట్టకుంటె ఎట్ల చూడాలె?"

"పోయింది సప్లై. సప్లై చూడు."

"ఫస్ట్ సెల్ తీసి పెడ్తం అక్కా, ఎవలిదైనా గంతే. జ్వరమొస్తె ఫస్ట్ గోలి వెయ్యరా, తర్వాతనే గదా డాక్టర్." పక్కన నిలబడ్డ ఇద్దరు నవ్వారు. "సెట్టింగులు పోతయని భయమా? నేనే మళ్ల పెడ్త. ఫ్రీ."

అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. ఫ్రీ అన్న మాట చాలాసార్లు అన్నాను. క్లాసుకు పోతున్న పిల్లలు ఆగి చూశారు. కేసు ఎత్తుకుని బయటికి వచ్చేశాను. పది అడుగులు నడిచాక దానికి డోర్ లేదని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అతను అప్పటికే డోర్ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గింత గరం అయితె ఎట్లక్కా, ఈ ఎండల," అని చేతికిచ్చాడు.

అతనిలో తప్పేం లేదు. అక్కడ అందరూ అలాగే చేస్తారు. నాకు అతని మీద కోపం కూడా లేదు. అరిచిన దానికి గొంతు మాత్రం ఎండిపోయింది.

ఆటో ఎక్కి కేసు ఒళ్లో పెట్టుకున్నాను. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ పడింది. మెట్రో స్తంభాల నీడలో బళ్లన్నీ ఆగాయి. పక్కకు తిరిగి చూస్తే ఏ బిల్డింగ్ కనపడుతుందో నాకు తెలుసు. ఫోన్ తీసి ఎవరిదో పెళ్లి ఫోటోలు చూశాను. ఎవరి పెళ్లో నాకు తెలియదు. సిగ్నల్ పడ్డంతసేపూ చూశాను.

చౌరస్తా దాటాక ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో రిపేర్ షాపు ఉందని ఫోన్లో చూసి, అక్కడ దిగాను. షాపు మనిషికి నాకంటే పదేళ్లు ఎక్కువ ఉంటాయి, అయినా అక్కా అనే పిలిచాడు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఇంట్లో వాళ్లతో రాత్రికి ఏం కూర అన్నది మాట్లాడుతూనే నా మాట విన్నాడు. సెల్ ముట్టొద్దని ముందే చెప్పాను. సరే, ముట్ట అన్నాడు. అవతల ఫోన్లో ఉన్నవాళ్లకు కూడా అది వినపడినట్టుంది, ఏం ముట్టవని అడిగినట్టున్నారు. నీక్కాదు అన్నాడు.

ర్యాకులోంచి తన సప్లై ఒకటి తీసి కేసు పక్కనే బల్ల మీద పెట్టాడు. దాని వైర్లు మా బోర్డుకు తగిలించి బటన్ నొక్కాడు. మెషీన్ వెంటనే లేచింది. ఎక్కడా తడబడలేదు. కొంచెంసేపు అలాగే వదిలేశాడు. ఆగలేదు. లోపల ఉన్న బరువేదో కొంచెం దిగిందని అనుకున్నాను. చూసుకుంటే దిగలేదు.

"బోర్డు మంచిగుంది. ఫికర్ జెయ్యకు. కరెంటు డబ్బానే పోయింది," అన్నాడు. తర్వాత సెల్ వైపు గోరుతో చూపించాడు, ముట్టకుండా. "గిది సుత ముసలిదైంది. వైరు పెట్టి ఉన్నంతసేపు కరెంటు మీద నడుస్తది. పీకినవంటె మొత్తం ఈ సెల్లే మొయ్యాలె. ఎక్కువసేపు పెట్టకు అక్కా."

పొద్దున్నుంచి అది పీకే ఉంది. చెప్పాను. అయితే తొందరగా చేద్దామన్నాడు.

పాత డబ్బా బయటికి తీయడానికి వెనక స్క్రూలు విప్పాడు. మూడే ఉన్నాయి. నాలుగోది ఏదక్కా అన్నాడు. నాలుగోది మా మంచం కింద ఎక్కడో ఉంటుంది. దీన్ని కట్టిన రోజు అన్న నేల మీద కూర్చుని స్క్రూలు బిగిస్తుంటే నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. మధ్యలో ఏదో మెసేజ్ వస్తే చూసుకున్నాను. చీకట్లో స్క్రూ జారి దొర్లిపోయింది. టార్చ్ నీ మొహం మీద కాదే, గిక్కడ పట్టు అని నెత్తి మీద ఒకటి మొట్టాడు. ఆ స్క్రూ దొరకలేదు. మూడు చాలులే అన్నాడు. సప్లై ఒక్కటే కొత్తది కొన్నాడు ఆ రోజు, అదీ ఉన్నవాటిలో మామూలుది. డబ్బాలో ఏముంటది, ఉత్త కరెంటే గదా అన్నాడు.

షాపతను పాత డబ్బా మూత కూడా తీశాడు. ఫ్యాను ఒక్కటే మార్చితే నడుస్తుందేమో చూద్దామని. మూత లేవగానే వాసన వచ్చింది. కాలిన వాసన కాదు. గంధం వాసన.

ఫ్యాను రెక్కలకు నల్లగా, జిగటగా ఏదో పట్టి ఉంది. మధ్యలో ఇరుసు చుట్టూ అదే గడ్డకట్టింది. కింద బూడిద. అతను వేలితో తీసి వాసన చూశాడు, నా వైపు చాపాడు.

"దేవుని గదిల పెట్టిండ్రా అక్కా దీన్ని? మొత్తం ఊదుబత్తే. గింత పూజ నేను సుత చెయ్య." ఫోన్లో వాళ్లకు కూడా చెప్పి నవ్వాడు.

నేను ఆ వేలు చూస్తూ నిలబడ్డాను. మాది పాత రకం కేసు. సప్లై పై భాగంలో ఉంటుంది, గాలి కోసం పైమూతకు జల్లెడలా రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల మీద ఫోటో. ఫోటో ముందు ఊదుబత్తి. చాయ్ పొయ్యి మీద పెట్టి అమ్మ వచ్చి ఊదుబత్తి వెలిగించేది. మెషీన్ లేచేదీ అప్పుడే. ఏడాదిగా రోజూ ఫ్యాను మొదటి ఊపిరి తీసుకునే టైంకి దాని ముక్కు దగ్గర పొగ ఉంది. అమ్మ అన్న కోసం వెలిగించింది, అన్న కట్టిన మెషీన్ ఆ పొగను లోపలికి లాక్కుంది.

ఫ్యాను మార్చొచ్చు కానీ ఆ సైజుది రేపు వస్తుందన్నాడు. రేపు కుదరదన్నాను. అయితే కొత్త సప్లై తీసుకోమన్నాడు. కొత్తదాన్ని చాలా మెచ్చుకున్నాడు. "మస్తుంటది అక్కా. నడుస్తున్నట్టు సుత తెల్వదు, చప్పుడే రాదు." నేను తల ఊపాను. ఆ మాట నా చెవికి తగిలింది గానీ లోపలికి పోలేదు.

కొత్తది పెట్టి మూడు స్క్రూలు బిగించాడు. నాలుగోది తన డబ్బాలోంచి తీశాడు. వద్దన్నాను. అతను భుజాలు ఎగరేసి స్క్రూ మళ్లీ డబ్బాలో వేసుకున్నాడు. సెట్టింగ్ ఉందో పోయిందో లోపలికెళ్లి చూద్దామా అన్నాడు. దానికీ వద్దన్నాను. ఉంటే ఆరున్నరకు తెలుస్తుంది. లేకపోతే కూడా అప్పుడే తెలియాలి.

ఇంటికొచ్చేసరికి నాన్న ఇంకా రాలేదు. కేసు దాని చోట పెట్టి వైర్లన్నీ తగిలించి గోడ స్విచ్ వేశాను. లోపల బోర్డు మీద చిన్న పచ్చ చుక్క వెలిగింది. కరెంటు అందుతోంది. బటన్ ముట్టలేదు.

పాత సప్లై కొత్తదాని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు షాపతను. ఆ పెట్టె ఎక్కడో పారేసి రావాల్సింది. ఆటోలోంచి దిగేటప్పుడు గుర్తే లేదు. నేను వైర్లు పెడుతుండగా అమ్మ ఆ పెట్టె తెరిచింది. ఏం కొత్తది తెచ్చానో చూద్దామని అయ్యుంటుంది. తెరిచి, ఆగిపోయింది. ముక్కు దగ్గరికి తీసుకోలేదు, తీసుకోనక్కర్లేదు, గదంతా అదే వాసన.

"ఇది మన ఊదుబత్తి," అంది.

నేను కేసు వెనక్కి వంగాను.

"నేనే చేసిన్నా?"

"దుమ్ము అమ్మా. పాతబడితే అన్నిట్లోకీ పోతది."

నేను అబద్ధం చెప్తే నా ముఖం చూడగానే అమ్మకు తెలిసిపోతుంది. అందుకే కేసు వెనకాలే ఉండి, బిగించిన వైరునే మళ్లీ బిగించాను. అమ్మ పెట్టె మూసింది. తర్వాత లేచి స్టూలు మీదున్న ఫోటో తీసుకుంది. కేసు దగ్గరికి రాలేదు. వంటింటి పక్కనున్న ఫ్రిజ్ మీద పెట్టింది. దీపం, గిన్నె కూడా అక్కడికే తీసుకెళ్లింది. ఏడాదిగా బరువు పడ్డ చోట కేసు పైన నాలుగు పలకల మచ్చ మిగిలింది.

నాన్న వచ్చాడు. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. చెప్పులు ఎప్పటిలాగే మంచం కిందే, కాళ్లకు అందేలా విడిచాడు. కంప్యూటర్ బాగయిందా అని అడగలేదు. నేను చెప్పలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. అక్కడ గిన్నె పెట్టిన చప్పుడు వినపడింది, నీళ్లు పోసిన చప్పుడు వినపడింది. తర్వాత ఏమీ లేదు. వింటూ నిలబడిందని తెలుసు.

నేను ఫోన్లో టైం చూస్తున్నాను. ఆరున్నర అయింది.

ముందు ఏమీ కాలేదనే అనుకున్నాను. ఆ మూలుగు కోసం నా చెవులు కూడా అలవాటుగా ఆగాయి. అది రాలేదు. సెల్ మోయలేకపోయింది, పొద్దున్నే పోయి ఉంటుంది అనుకున్నాను. ఏడుపు వస్తుందేమో చూసుకున్నాను, రాలేదు. అప్పుడు తెర మీద వెలుగు పడింది. వెలుగు పడ్డాకే కేసు ముందున్న నీలం లైటు కూడా చూశాను. ఎప్పుడు లేచిందో. చప్పుడే లేదు. పాస్‌వర్డ్ అడుగుతూ ఉంది.

నాన్న మంచం మీదే ఉన్నాడు. మూలుగు రాలేదు, చెప్పులు వేసుకోలేదు. గోడ వైపు చూస్తున్నవాడు తెర వెలుగు గోడ మీద పడ్డాక తల తిప్పాడు. ఏడాదిలో అది వెలిగి ఉన్నప్పుడు నాన్న ఆ గదిలో ఉండటం అదే మొదటిసారి.

"రాలేదా?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

ఆ చప్పుడు నా ఫోన్లో ఉంది. షాపులో చూపించడానికి తీసిన వీడియోలో. నొక్కితే వినపడుతుంది. వేలు దాని మీదికి పోయింది కూడా. కానీ ఆ వీడియోలో చివరికి అది ఆగిపోతుంది. వేలు తీసేశాను. జవాబు చెప్దామని నోరు తెరిస్తే గొంతు రాలేదు, పొద్దున మైత్రీవనం దగ్గర అరిచిన గొంతే.

"ఏమాయె బిడ్డా, రాలేదా?"

నాన్న తెర వైపే చూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"వచ్చింది," అన్నాడు.

వంటింట్లో గ్యాస్ లైటర్ చప్పుడైంది. ఒకసారికి అంటుకోలేదు, మళ్లీ కొట్టింది. నాన్న లేవలేదు. కాలితో చెప్పులు ఇంకొంచెం మంచం కిందికి తోశాడు.